పది–పదకొండు పానా

మా అత్తవారి వంటింటి గోడ మీద పదహారు నీలం ఆకారాలు ఉండేవి. గరిటె వెనక గరిటె ఆకారం, అట్లకాడ వెనక అట్లకాడ, పప్పుగుత్తి వెనక పప్పుగుత్తి. కిటికీలకు వేయగా మిగిలిన రంగుతో మా మావయ్య ఏసురాజు గారు స్వయంగా గీసినవి. ఒక్కో ఆకారం నెత్తిన ఒక మేకు, ఆ మేకుకి ఆ వస్తువు. ఏది తగ్గినా గోడ మీద నీలం మరక బయటపడి పట్టిచ్చేస్తుంది. అన్నాలయ్యాక ఆయన చేతులు తుడుచుకుని వచ్చి, వంటింటి గడప ఇవతలే నిలబడి, వేలు చూపిస్తూ పదహారూ లెక్కపెట్టి, "సరిపోనాది" అని వెళ్లిపోయేవారు. పెళ్లయిన మొదటి ఏడాదంతా ఆ వేలు నా కంట్లో గుచ్చుకుంటూనే ఉంది.

నాకు అనుమానం ఎక్కువ. ఆ సంగతి దాచుకోను. కూరల తూకం దగ్గర నుంచి పాస్టరుగారి పొగడ్త దాకా ప్రతిదాని వెనకా ఇంకేదో ఉందనే అనుకుంటాను. దానికి కారణం కూడా చెబుతాను. మా అమ్మ ఒకరింట్లో పనిచేసేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ ఇంట్లో వెండి చెంచా ఒకటి కనబడలేదని అమ్మ సంచీని వీధిగుమ్మంలో బోర్లించారు. నాకోసం దాచిన జంతికలు నేల మీద చిందాయి. చెంచా ఆ సాయంత్రమే వాళ్ల మంచం కింద దొరికింది. అయితే ఏం? బోర్లించిన సంచీని నేనే ఎత్తాను, నలుగురూ చూస్తుండగా. అలాంటి దాన్ని తీసుకొచ్చి గరిటెలు లెక్కపెట్టే ఇంట్లో కోడలిగా దింపారు.

కాపురానికి వచ్చిన మూడో వారమే ఒక మధ్యాహ్నం నేతి చెంచా తగ్గింది. మావయ్య ముందు తన చొక్కా జేబులు తడుముకున్నారు. అది నటన అనుకున్నాను. తర్వాత అంట్ల తొట్టి ఒంపించారు, పెరట్లో చెత్తగుంట కర్రతో కెలికారు. ఆఖరికి నావైపు తిరిగి అడిగారు.

"ఆకర్న అంట్లు ఎవులు తోమినారమ్మా?"

నేనే తోమాను. ఆ మాట అంటుంటే నా ముఖం మండిపోయింది. పక్కింటి నీలవేణి గోడ మీంచి తల పెట్టి, కొత్త కోడలొచ్చాక లెక్క తప్పిందేటి అని నవ్వింది. చెంచా సాంబారు గిన్నె అడుగున దొరికింది. మా అత్త కాంతమ్మ మాత్రం నిమ్మళంగా వక్క కొరుక్కుంటూ, ఆయనకదో జబ్బని, ముప్పై ఏళ్లుగా తనను కూడా గరిటెలతో కలిపి లెక్కెడుతున్నాడని అంది. ఆవిడకి నవ్వు వచ్చింది. నాకు రాలేదు.

మావయ్య వయసులో ఉన్నప్పుడు ఉత్తరాదిన ఎక్కడో ఒక ఫ్లయింగ్ స్కూల్లో ఫిట్టరు. విమానాలు విప్పి, బాగుచేసి, బిగించే పని. పదేళ్లు చేసి, ఉన్నట్టుండి ఆ ఉద్యోగం మానేసి రాజాం వచ్చి పంపుసెట్ల మోటార్లు రిపేరు చేసుకుంటూ బతికారు. ఎందుకు మానేశారని అడిగితే అత్తకి తెలియదు, మా ఆయన విక్టర్‌కి తెలియదు. నాకు మాత్రం తెలిసిపోయింది. సామాన్లు ఏవో పోయుంటాయి, ఈయన్నే పట్టుకుని ఉంటారు, బయటికి పంపి ఉంటారు. చేతివాటం ఉన్నవాడికే ఎదుటివాడి చేతి మీద అంత చూపు ఉంటుంది. ఇలా మనసులో తీర్పు చెప్పేసుకుని, ఏడాదంతా ఆ తీర్పుతోనే ఆయనకి అన్నం వడ్డించాను.

రెండువేల పదిహేను, జనవరి ఆఖర్లో నారాయణమూర్తి గారు మా ఇంటికి వచ్చారు. శృంగవరపుకోట దగ్గర మామిడితోట ఉన్న రైతు కుటుంబం, కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయిన మనిషి. ఎనిమిదేళ్లుగా తోటలోని రేకుల షెడ్డులో సొంతంగా ఒక విమానం కట్టుకుంటున్నానని, ఇద్దరు కూర్చోవచ్చని, నడపడానికి లైసెన్సు కూడా ఎప్పుడో తెచ్చుకున్నానని చెప్పారు. మార్చిలో విజయనగరం అవతల పాత రన్‌వే మీద ఎయిర్‌షో పెడుతున్నారట. పాతకాలం విమానాలు, చేత్తో కట్టుకున్న విమానాలు వస్తాయట. తన విమానాన్ని ఒకసారి చూసి, ఆ రోజు రెక్కలు బిగించి పెట్టాలని మావయ్యని బతిమాలారు. నేను తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. ఇంటికొచ్చి విమానం కట్టానని చెప్పే మనిషిని ఎవరు నమ్ముతారు?

 మావయ్య తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చుని, చివరికి ఒక్క షరతు పెట్టారు. లెక్క సరిపోయిందని తను అనేవరకూ బండి కదలకూడదు. నారాయణమూర్తి గారు సంతోషంగా ఒప్పుకున్నారు. ఆ మాట బరువెంతో అప్పుడు ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

ఆ శనివారం నుంచి మావయ్య మంచం కింది పనిముట్ల పెట్టె తీసుకుని శృంగవరపుకోట బస్సెక్కడం మొదలుపెట్టారు. ఏదో దాస్తున్నారని మూడో వారం నేనూ వెంట వెళ్లాను. అక్కడ నిజంగానే విమానం ఉంది. అల్యూమినియం గొట్టాలు, వాటి మీద బిగుతుగా లాగి కట్టిన గుడ్డ, ముక్కు మీద తెలుగులో 'జగ్గమ్మ' అని రాసి ఉంది. అది నారాయణమూర్తి గారి తల్లి పేరు. హుద్‌హుద్ తుపానుకి షెడ్డు రేకులన్నీ లేచిపోతే, ఆ రోజంతా ఆయనా తమ్ముడూ రెక్కల మీద పడుకుని కాపాడుకున్నారట. పూత మీదున్న మామిడిచెట్ల మధ్య నిలబడి, నిజమేనా అని రెక్క గుడ్డని వేలితో నొక్కి చూశాను. అయినా తిరుగు బస్సులో మావయ్య పెట్టెని ఒళ్లో పెట్టుకుని, మూత తెరిచి పనిముట్లు మళ్లీ లెక్కపెట్టుకుంటుంటే ఒళ్లు మండింది. పక్క సీట్లో ఉన్నది నేనే కదా.

ఇంటికొచ్చి విక్టర్‌తో పోట్లాడాను. తను పనిచేసే కాలేజీకి దగ్గర్లో ఒక చిన్న వాటా ఖాళీగా ఉందని, జూన్‌లో వెళ్లిపోదామని చెప్పాను. ఈ ఇంట్లో నేను దొంగగా బతకలేనన్నాను. విక్టర్ మంచివాడే. కానీ కంటికి కనిపించకపోతే నమ్మడు.

"మా నాన్న నీ పేరెట్టి ఒక్కసారి అన్నాడని సూపించు. ఆ మర్నాడే ఇల్లు మార్సీద్దుం," అన్నాడు.

సరే అనుకున్నాను. చూపించాలనే నిర్ణయించుకున్నాను.

మార్చి రెండో శనివారం పొద్దున్న ఆరింటికే అక్కడికి చేరాం. జీడితోటల మధ్య, యుద్ధం రోజుల్లో వేసి వదిలేసిన రన్‌వే అది. ఊళ్లోవాళ్లు నువ్వులూ ఉలవలూ ఆరబెట్టుకుంటారు. విమానాశ్రయానికి భూములు పోతాయని అప్పటికే ఆ చుట్టుపక్కల పుకారు. టిఫిను క్యారియరు పట్టుకుని నడుస్తున్న నన్ను ఒక ముసలి రైతు ఆపి, కొలతలకొచ్చారేటని అడిగాడు. చూడ్డానికి వచ్చామంటే నమ్మలేదు. ఆయన్ని తప్పుపట్టలేకపోయాను.

రన్‌వే పక్కన ఏడెనిమిది విమానాలు వరసగా నిలబెట్టారు. అన్నిట్లోకీ జనం మూగింది ఒక పసుపుపచ్చ దాని చుట్టూ. ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు, మధ్యలో తీగలు, ముందు చెక్క ఫంకా. డెబ్బై ఏళ్ల కిందటిదట. ఆ పక్కన ఎవరెవరో ఇళ్లల్లో కట్టుకొచ్చిన బుల్లి విమానాలు. మా జగ్గమ్మ మాత్రం రెక్కలు విడిగా లారీలో వచ్చింది. మావయ్య నేల మీద పాత దుప్పటి పరిచి, పనిముట్లన్నీ వరసగా పేర్చి, పైకి లెక్కపెట్టారు. ఇరవై రెండు. నారాయణమూర్తి గారి చేత కూడా లెక్కపెట్టించి, లారీ డోరు మీద సుద్దముక్కతో 22 అని రాయించారు. అప్పుడు గాని రెక్క మీద చెయ్యి వెయ్యలేదు.

ఎనిమిదింటికి పెద్ద పని అయింది. అత్త ఇడ్లీలు పెట్టింది. మావయ్య నాలుగు ముక్కలు తిని, పసుపు విమానం దగ్గరకి వెళ్లారు. జనమంతా దాన్ని తడిమి ఫోటోలు దిగుతుంటే ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఇలాటిదాని మీదే పని నేర్చుకున్నానని అత్తతో అన్నారు. విక్టర్ హెల్మెట్ పెట్టుకుని చూసుకుంటున్నాడు. జగ్గమ్మలో రెండో సీటు తనదేనని వారం నుంచి కాలేజీ అంతా చెప్పుకున్నాడు. నారాయణమూర్తి గారు చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. దుప్పటి దగ్గర నేను ఒక్కదాన్నే మిగిలాను.

నట్లు బిగించే పది–పదకొండు నంబరు పానా నా కాలి పక్కనే ఉంది. వంగి తీసి చేతిసంచీలో వేసుకున్నాను.

నా లెక్క సులువు. ఒకటి తగ్గుతుంది. దగ్గరకొచ్చింది ఎవరని ఆయన చూస్తారు. కోడలు కనబడుతుంది. విక్టర్ పక్కనే ఉంటాడు, చెవులారా వింటాడు. విమానం గురించి నేను ఆలోచించనే లేదు. గరిటె తగ్గితే అన్నం ఉడక్క మానదు కదా.

తర్వాత మావయ్య తోక దగ్గర చిన్నచిన్న పనులు చేసి, లోపల చూసేందుకుండే మూతలన్నీ బిగించారు. వాటికి ఆ పానా అవసరం పడలేదు. తొమ్మిదిన్నరకి పసుపు విమానం ఎగిరి, చుట్టు తిరిగి దిగింది. జనం ఈలలు వేశారు. మైకులో జగ్గమ్మ పేరు పిలిచారు. పదిన్నర దాటితే సముద్రపు గాలి లేస్తుందని, అంత తేలిక విమానం ఆ గాలిలో ఎగరకూడదని నారాయణమూర్తి గారు ముందే చెప్పి ఉన్నారు. ఆయనా విక్టరూ ఎక్కి కూర్చుని బెల్టులు కట్టుకున్నారు.

మావయ్య లెక్కపెట్టారు. ఇరవై ఒకటి. మళ్లీ పెట్టారు. ఇరవై ఒకటి. తన జేబులు తిరగేసుకున్నారు. దుప్పటి ఎత్తి దులిపారు. నేను రెండడుగులు ముందుకు వచ్చి, ఆయన కళ్లకి ఎదురుగా నిలబడ్డాను.  ఆయన తల ఎత్తారు. నా మీదుగా చూపు పోనిచ్చి, విమానం వైపు తిరిగారు.

"దిగండి. పానా ఒకటి తగ్గింది," అన్నారు.

నారాయణమూర్తి గారు ముందు నవ్వారు, తర్వాత ముఖం పాలిపోయి గడియారం చూసుకున్నారు. మావయ్య అప్పటికే తోక కింది మూత విప్పుతున్నారు. నిర్వాహకుడు ఒకాయన వచ్చి, ఒక్క పానాకి ఇంత చెయ్యాలా తాతగారూ అన్నాడు. మైకులో ఇంకో రెండుసార్లు పిలిచారు. జనం గోల మొదలెట్టారు. విక్టర్ హెల్మెట్ తీసి, మా నాన్న ఇంట్లో గరిటెలు కూడా లెక్కెడతాడని చుట్టూ ఉన్నవాళ్లకి చెప్పాడు. అందరూ నవ్వారు. ఏడాదిగా విక్టర్ నోట వినాలని నేను ఎదురుచూసిన మాట అది. విన్నాక సిగ్గేసింది.

"ఎవులో తీసుంటారు నాన్నా. ఇంతమంది తిరిగారు ఇక్కడ," అన్నాడు విక్టర్.

"ఎవులూ తియ్యలేదు. నానే ఎక్కడో ఒగ్గీసాను. లోపలే ఉంటాది," అన్నారు మావయ్య.

ఒక్కో మూతా విప్పుతున్నారు. భుజం దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి తడుముతున్నారు. రేకు అంచు తగిలి మోచేతి కింద చీరుకుంది. రక్తం కారుతుంటే తుడుచుకోలేదు. పది దాటింది. నాకు భయమేసింది. పట్టుబడతానని కాదు, ఆయన నన్ను అసలు చూడ్డం లేదని. దగ్గరకి వెళ్లి కూర్చున్నాను.

"మావయ్యా, ఎవరైనా తీసుండొచ్చు కదా. ఇందాక నేనూ వచ్చాను ఇక్కడికి," అన్నాను. ఒక్కసారి నన్ను అనుమానించమని బతిమాలుకున్నట్టే ఉంది నా గొంతు.

ఆయన చెయ్యి ఆపలేదు. నాకు మాత్రమే వినబడేలా చెప్పారు.

"ఆ ఇస్కూల్లో కూడా ఇలాగే ఒకటి తగ్గిందమ్మా. షెడ్డులో నలుగురం పని సేసీవోలం. ఆ ముగ్గురిలో ఎవుడో తీసుంటాడనుకున్నాను. అనుకొని బండి ఒగ్గీసాను. ఎక్కినాయన పేణాలతో దిగలేదు. పానా తోకలో తీగలకి అడ్డంపడి దొరికింది, నాదే." చెయ్యి ఇంకాస్త లోపలికి పోనిచ్చారు. "మనుసుల్ని అనుమానిస్తే పని సులువైపోద్ది. అందుకే అది మానీసాను."

చెంచా పోయిన రోజు ముందు తన జేబులే ఎందుకు తడుముకున్నారో అప్పుడు అర్థమైంది. గడప ఇవతల నుంచి చూపించిన ఆ వేలు ఎప్పుడూ నావైపు లేదు.

పానాని గడ్డిలో పడేసి, ఇదిగో దొరికిందని అంటే సరిపోతుందని ఒక్క నిమిషం అనిపించింది. నన్నెవరూ ఏమీ అనరు. కానీ ఆ పానా తన చేతిలోంచే జారిందని ఆయన బతికినన్నాళ్లూ నమ్ముతారు. సంచీ తెరిచి పానా తీసి, రక్తం కారుతున్న ఆ చేతిలో పెట్టాను.

"నేనే తీసాను మావయ్యా. మీరు నా పేరెడతారో లేదో సూద్దామని."

విక్టర్ అక్కడే ఉన్నాడు, విన్నాడు. అత్త కూడా విన్నది.  మావయ్య పానాని అటూఇటూ తిప్పి, దాని మీది గుర్తు చూసి, దుప్పటి మీద దాని చోట్లో పెట్టారు. ఒకటి నుంచి మొదలుపెట్టి ఇరవై రెండూ లెక్కపెట్టారు.

"సరిపోనాది," అన్నారు.

విప్పిన మూతలన్నీ మళ్లీ పద్ధతిగా బిగించేసరికి పది నలభై అయింది. గాలివాటం తెలియడానికి రన్‌వే చివర కట్టిన గుడ్డగొట్టం గాలికి నిండుగా లేచి నిలబడింది. నారాయణమూర్తి గారు దానివైపు కాసేపు చూసి, ఇంజను తిప్పి, జగ్గమ్మని రన్‌వే మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నేల మీదే నడిపించారు. జనం చప్పట్లు కొట్టారు. దిగాక ఆయన నా దగ్గరకొచ్చి, పర్వాలేదమ్మా, ఎనిమిదేళ్లు ఆగినవాణ్ని ఇంకో నెల ఆగలేనా అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజు అన్నాలయ్యాక మావయ్య వంటింటి గడప దగ్గరకి రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు మంచం కింద ఊడుస్తుంటే పెట్టె కనబడింది. దానికి కొత్త తాళం వేసి ఉంది.  ఏడాదిపాటు లేని అనుమానాన్ని ఉందనుకుని కుమిలాను. ఇప్పుడు నా చేత్తో నేనే దాన్ని తెచ్చి ఈ ఇంట్లో పెట్టాను. కాలేజీ దగ్గరి ఆ వాటా మాట్లాడమంటావా అని విక్టర్ అడిగితే వద్దన్నట్టు తల ఊపాను. ఇప్పుడు వెళ్లిపోతే దొంగగానే వెళ్లినట్టు.

ఉగాది దాటాక, ఏప్రిల్‌లో ఒక బుధవారం, గాలి లేని పొద్దు చూసి నారాయణమూర్తి గారు కబురు పెట్టారు. తెల్లవారకముందే టీ పెడదామని వంటింట్లోకి వెళ్లాను. గోడ మీద పప్పుగుత్తి పక్కన పదిహేడో ఆకారం ఉంది. నీలం రంగు ఇంకా తడిగానే ఉంది. మేకుకి ఒక చిన్న తాళంచెవి వేలాడుతోంది. వీధరుగు మీంచి మావయ్య గొంతు వినబడింది.

"బస్సుకి టైమవుతంది. పెట్టె తియ్యమ్మా."

రన్‌వే మీద ఆ రోజు మైకు లేదు, జనం లేరు. ఉలవలు ఆరబెట్టిన ఇద్దరు ఆడవాళ్లూ, మేం నలుగురం, నారాయణమూర్తి గారూ. రెక్కలు బిగించడం అయిపోయింది. విక్టర్ ఎక్కి బెల్టు కట్టుకున్నాడు. నావైపు చూసి నవ్వబోయి ఆగిపోయాడు. మావయ్య చేతులు తుడుచుకుంటూ, లెక్క నువ్వు చూడమ్మా అని చెప్పి దుప్పటికి దూరంగా వెళ్లి నిలబడ్డారు.

లెక్క మొదలుపెట్టే ముందు నా చేతిసంచీని ఆ దుప్పటి పక్కన నేనే బోర్లించాను. ఇంటి తాళాలు, దువ్వెన, పాటల పుస్తకం, బస్సు టికెట్లు, సగం తిన్న బిస్కెట్ పొట్లం. ఇంకేమీ లేవు. అత్త చూసింది, విక్టర్ చూశాడు. ఒక్కొక్క పనిముట్టునీ వేలితో ముట్టుకుంటూ లెక్కపెట్టాను.

"ఇరవై రెండు," అన్నాను.

మావయ్య తిరిగి లెక్కపెట్టలేదు. నారాయణమూర్తి గారికి చెయ్యి ఊపారు.